లాడ్ బజార్ మిద్దె మీద గురుడు

లాడ్ బజార్‌లో మిద్దె ఎక్కి తూర్పుకు తిరిగితే చార్మినార్ కనిపిస్తుంది. తల పైకెత్తితే చుక్కలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. గాజుల దుకాణాల దీపాల వెలుగు గాలిలోని దుమ్ముకు తగిలి మళ్లీ మన కళ్లలోనే పడుతుంది. అయినా ఆకాశం చూసే సరదా ఉన్నవాళ్లకు ఇది పనికిరాని చోటేం కాదు. గ్రహాలకు ఈ మిద్దె చాలు, ఉల్కలకు చాలదు. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే డిసెంబరు వస్తే చాలామంది మెడనొప్పితో మెట్లు దిగుతారు.

గురుడు, శుక్రుడు ఏ నక్షత్రం కన్నా కాంతిమంతంగా కనిపిస్తారు. ఎంత పెద్ద బజారు వెలుగైనా వాళ్లను ముంచలేదు. నక్షత్రం మినుకుమంటుంది, గ్రహం నిలకడగా వెలుగుతుంది. గురుణ్ణి ఎక్కడ వెతకాలో తెలుగువాళ్లకు పుష్కరాలే చెబుతాయి. గురుడు పన్నెండు రాశులు చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు పడుతుంది. 2025లో సరస్వతీ పుష్కరాలు జరిగాయంటే ఆయన మిథునంలోకి వచ్చాడని అర్థం. 2027లో గోదావరికి వస్తున్నాయంటే సింహంలో చేరతాడని. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్న రోజుల్లో గురుడు పొద్దుగూకే వేళకు తూర్పున లేచి రాత్రంతా ఉంటాడు. 2026 జనవరి 10న అలాగే లేచాడు. లాడ్ బజార్ నుంచి చూసేవాళ్లకు అది చార్మినార్ వైపే.

పది రెట్లు పెద్దది చేసి చూపే మామూలు బైనాక్యులర్‌ను పిట్టగోడకు ఆనించి పట్టుకుంటే గురుడి పక్కన ఒకే వరుసలో సన్నని చుక్కలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు ఉపగ్రహాలు ఇవే. అన్నిటికన్నా లోపల తిరిగే అయో రెండు రోజులైనా పట్టకుండా ఒక చుట్టు పూర్తిచేస్తుంది కాబట్టి, మర్నాడు చూస్తే వరుస మారిపోయి ఉంటుంది. శని వలయాలకు మాత్రం చిన్నదైనా టెలిస్కోపు కావాలి. ఒక చిక్కుంది. పగలంతా కాగిన స్లాబు, పక్కింటి రేకుల కప్పు సాయంత్రం వేడి వదులుతుంటే, ఎండాకాలం తారురోడ్డు మీది గాలిలా బొమ్మ వణుకుతుంది. అందుకే కాస్త రాత్రయ్యాక, గ్రహం బాగా పైకి వచ్చాక చూడాలి.

ఈ సరదా పాతబస్తీకి కొత్తది కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901 ప్రాంతంలో ఫిసల్‌బండలో, సొంత ఖర్చుతో, గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపుతో వేధశాల మొదలుపెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత బేగంపేటకు మారిన ఆ నిజామియా వేధశాల, దేశదేశాల వేధశాలలు పంచుకున్న నక్షత్ర పటం పనిలో తన వాటాగా ఏడు లక్షలకు పైబడి నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. ఒక ఔత్సాహికుడి సరదా ఇంతదాకా వచ్చిందంటే తక్కువ మాటా? 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపును మాత్రం నగరం వెలుగులకు దూరంగా, ఇబ్రహీంపట్నం దాటాక జపాల్-రంగాపూర్‌లో పెట్టింది.

ఉల్కలు చూసేవాళ్లు కూడా అదే పని చేయాలి. డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో రాలే జెమినిడ్ ఉల్కలు ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి. 1983లో కనిపెట్టిన ఈ శకలం దారిని ఏటా భూమి దాటుతుంది. అప్పుడు ఆ రేణువులు సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో మన గాలిలోకి దూసుకొచ్చి మండిపోతాయి. గంటకు 120 అని పత్రికల్లో వచ్చే లెక్క కటిక చీకట్లో, ఉల్కలు పుట్టే చోటు నడినెత్తిన ఉన్నప్పటిది. ఆ చోటు మిథునంలో, పునర్వసు నక్షత్రాల దగ్గర. రాత్రి ఎనిమిదికి తూర్పున కిందనే ఉంటుంది, రెండింటికి దాదాపు నెత్తిమీదికి వస్తుంది. ఉల్కల్లో ఎక్కువ భాగం మసకవి, బజారు వెలుగులో కనిపించనే కనిపించవు. మిద్దె మీద గంట కూర్చుంటే నాలుగైదు మెరిస్తే గొప్పే. ఇక్కడ టెలిస్కోపూ దండగే. ఆకాశంలో అది చూపేది చిటికెడు మేర, ఉల్క ఎటు రాలుతుందో ఎవరికి తెలుసు?

బయల్దేరేముందు పంచాంగంలో తిథి చూడండి. శుక్ల పంచమి అయితే చంద్రుడు రాత్రి పదింటికల్లా అస్తమిస్తాడు, పున్నమి దగ్గరైతే ఆ ఏటికి ఆశ వదులుకోవచ్చు. ఊరు దాటాక చాప పరిచి వెల్లకిలా పడుకోండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఫోను జోలికి పోకండి.