తుప్పు పట్టదన్న స్టీలుకూ తుప్పే!

"స్టీలుకు తుప్పేమిటన్నా? మా అమ్మ స్టీలు బిందె ముప్పై ఏళ్లయినా తళతళలాడుతూనే ఉంది" అన్నాడు కరీంనగర్ తమ్ముడొకడు. దుబాయ్‌లో ఒక కేటరింగ్ కిచెన్‌లో పాత్రలు కడిగే పని అతనిది. ఒకరోజు రాత్రి డ్యూటీ దిగేముందు, సింకు తెల్లగా రావాలని చిక్కటి బ్లీచ్ పోసి క్యాంపుకు వెళ్లిపోయాడు. పొద్దున వచ్చి చూస్తే సింకు అడుగంతా గోధుమరంగు చుక్కలు. "కొత్త సింకు డబ్బులు నీ జీతంలో కోస్తా" అన్నాడు సూపర్‌వైజర్. బ్లీచ్ అలా వదిలేయకూడదని ఆ తమ్ముడికి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

కిచెన్లలో పనిచేసే మనవాళ్లు ఎంతోమంది. అందుకే ఈ నాలుగు మాటలు.

స్టెయిన్‌లెస్ స్టీలులో ఉన్నదీ ఇనుమే. దానిలో కనీసం 10.5 శాతం క్రోమియం కలుపుతారు. ఆ క్రోమియం గాలి తగలగానే స్టీలు మీద కంటికి కనపడని పొర కడుతుంది. ఉల్లిపొరకన్నా ఎన్నో రెట్లు పలచన. గీత పడినా, శుభ్రంగా, పొడిగా ఉంటే పొర మళ్లీ తనే కట్టుకుంటుంది. దీనికి పెద్ద శత్రువు క్లోరైడ్. అది ఉప్పులో ఉంది, టైల్స్ కడిగే యాసిడ్‌లో ఉంది, సముద్రపు గాలిలోనూ ఉంది. బ్లీచ్ కూడా ఆ పొరను అలాగే తినేస్తుంది. పొర పోయినచోట సూదిమొన లాంటి గుంట పడి, లోలోపలికి తొలుచుకుపోతుంది.

స్టీలు అంతా ఒకటి కాదు. కిచెన్లలో ఎక్కువగా వాడేది 304 రకం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో మాలిబ్డినం కూడా ఉంటుంది కాబట్టి ఉప్పుకు ఇంకా బాగా తట్టుకుంటుంది. చవకగా వచ్చే 430లో నికెల్ ఉండదు, అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. దాన్ని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇక మనం చేయాల్సినవి:

* బ్లీచ్‌ను డబ్బా మీద రాసిన కొలతకు నీళ్లు కలిపే వాడండి. చెప్పిన సమయం కాగానే మంచినీళ్లతో బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవండి.

* ఇనుప పీచుతో తోమొద్దు. దాని తునకలు స్టీలుకు అంటుకుని అవే తుప్పు పడతాయి. మెత్తటి స్క్రబ్బర్‌తో, స్టీలు మీద కనపడే గీతల వెంటే రుద్దండి, అడ్డంగా వద్దు.

* నీళ్లు మరిగాకే ఉప్పు వేసి కలపండి. చల్లటి నీళ్లలో వేస్తే ఉప్పు అడుగున కూర్చుని గుంటలు చేస్తుంది. ఉప్పు పట్టించిన చేపలు, పచ్చళ్లు రాత్రంతా స్టీలులో ఉంచొద్దు.

* తడి సింకులో ఇనుప పెనాలు, రేకు డబ్బాలు వదిలేయకండి.

* టైల్స్ యాసిడ్ కిచెన్‌లో పెట్టొద్దు. దాని ఆవిరి తగిలినా ఫ్రిజ్ తలుపులు, పొగగొట్టాలు తుప్పు పడతాయి. దాన్ని బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ విషవాయువు పుడుతుంది. స్టీలు పోతే కొత్తది కొనుక్కోవచ్చు, ఊపిరి పోతే ఇంటికి ఏం చెబుతాం?

చుక్కలు అప్పుడే మొదలైతే వంటసోడాను నీళ్లతో ముద్ద చేసి మెత్తటి గుడ్డతో రుద్దండి. పైపైన ఉన్నవి పోతాయి. గుంటలు లోతుగా పడితే దాచొద్దు. వాటిలో మురికి, క్రిములు చేరతాయి, బలదియా తనిఖీలో ఎలాగూ బయటపడుతుంది. డ్యూటీ ఎక్కగానే పాడైనవి చూసి, ఫోనులో ఫొటో తీసి, సూపర్‌వైజర్‌కు చెప్పండి. పాత తుప్పు మీ ఖాతాలో పడకుండా ఉంటుంది.

మన తమ్ముడి సింకు సంగతంటారా? సోడాతో చాలావరకు చుక్కలు పోయాయి, రెండు గుంటలు మాత్రం మిగిలాయి. జీతం కోత తప్పింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఆ రెండు గుంటలు చూపించి మరీ పని నేర్పుతున్నాడు.