తగవు లేనిదే జట్టు కుదరదు

పదిమంది పిల్లలకు కలిపి ఒక పని ఒప్పజెప్పి చూడండి. పని మొదలుకాకముందే తగవు మొదలవుతుంది. పెద్దవాళ్ళం వెంటనే ఒక కేక వేసి నోళ్ళు మూయిస్తాం. అలా మూయించకుండా ఊరుకుంటే ఏమవుతుందో చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

గుంటూరుకు దక్షిణాన, పత్తి, మిరప చేల నడుమనున్న ఒక ఊరి బడిలో ఈ మధ్య ఆ అవకాశం దొరికింది. ఏడో తరగతి. టీచరుగారు పిల్లల్ని అయిదుగురేసి జట్లుగా చేసి, మిరపకాయ నారుమడి నుంచి గుంటూరు యార్డు దాకా చేసే ప్రయాణాన్ని చార్టుమీద బొమ్మలుగా వెయ్యమన్నారు. రోజుకొక పీరియడు చొప్పున నాలుగు రోజులు గడువు. నేను వెనక బెంచీమీద కూర్చుని ఒక్క జట్టునే కనిపెట్టి చూశాను.

మొదటిరోజు ఎంత మర్యాదో! "నువ్వు గియ్యి" అంటే "ఉహు, నువ్వే గియ్యి." పెన్సిలు చేతులు మారిందేగాని చార్టుమీద గీత పడలేదు. రెండోరోజుకు మర్యాద ఎగిరిపోయింది. "మాకు చేనుంది, నాకు తెలుసు" అని ఒకడు. "కల్లంలో నువ్వెప్పుడన్నా కూర్చున్నావా? తాలుకాయలు ఏరింది నేను" అని ఒక పిల్ల. రబ్బరు కోసం పెనుగులాట. టీచరుగారు లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. ఆ కూర్చోవడమే ఆవిడ ఆనాడు చెప్పిన గొప్ప పాఠమని నా అభిప్రాయం. పీరియడు ముగిసేలోగా పిల్లలే ఒప్పందానికి వచ్చారు. ఇద్దరు గియ్యాలి, ఇద్దరు రంగులు వెయ్యాలి, ఒకరు పేర్లు రాయాలి. రబ్బరు అందరి మధ్యా ఉండాలి. మూడోరోజు పని పరుగెత్తింది.

ఈ వరసను బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1965లోనే పట్టుకున్నాడు. చిన్న బృందాలమీద వచ్చిన యాభై దాకా పరిశీలనలను చదివి, జట్టు నాలుగు మెట్లు ఎక్కుతుందన్నాడు: చేరడం, చెలరేగడం, కట్టుబాటుకు రావడం, పనిచెయ్యడం. తగవు పుట్టిందంటే జట్టు రెండో మెట్టు ఎక్కిందన్నమాట. అయితే ఎక్కిన మెట్లు మళ్ళీ దిగడమూ కద్దు.

మా జట్టు అలాగే దిగింది. మిరప కోతలకు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా కూలి కుటుంబాలు ఈ చేలకు వస్తాయి. అలా వచ్చినవాళ్ళ అమ్మాయి ఒకతె ఆ మూడోరోజునే బడిలో చేరింది. ఆమెను ఈ జట్టులో కూర్చోబెట్టగానే మళ్ళీ మొదటినాటి మౌనం. ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఆ పిల్ల చార్టువైపు చాలాసేపు చూసి, "కోసేటోళ్ళు యాడుండారు?" అంది.

నిజమే! చేనుంది, కల్లముంది, లారీమీద టిక్కీలున్నాయి, కాటా ఉంది. చేనుకూ కల్లానికీ నడుమ మనిషి మాత్రం లేడు. "చోటు లేదు" అన్నాడొకడు. "లారీ చెరిపి చిన్నది చేస్తే అదే వస్తుంది" అంది ఇంకొకతె. తగవు మళ్ళీ రేగింది గాని, ఈసారి అయిదు నిమిషాల్లో తీరింది. కొత్తపిల్ల చేతికి పెన్సిలు వచ్చింది. వంగి కాయ కోసే ఆడవాళ్ళనూ, గట్టున చీర ఉయ్యాలలో పాపనూ వేసింది. నాలుగోరోజున చార్టు అడుగున అయిదు పేర్ల పక్కన ఆరో పేరు రాసింది ఎవరనుకున్నారు? చేనున్న ఆ అబ్బాయే!

1977లో టక్‌మన్, మేరీ ఆన్ జెన్సెన్ కలిసి అయిదో మెట్టు చేర్చారు. అది విడిపోవడం. కోతలు ముగియగానే ఆ పిల్ల తల్లిదండ్రులతో వెళ్ళిపోతుంది. సొంత ఊరి బడిలో మళ్ళీ మొదటి మెట్టుమీద నిలబడాలి. ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష! చదువు మానేసే పిల్లల్లో పాఠం రాక మానేసేవాళ్ళెందరో, పక్కన చోటు దొరకక మానేసేవాళ్ళెందరో మనం ఆలోచించాలి.

మీ పిల్లలు బడి నుంచి వచ్చి జట్టులో పోట్లాట జరిగిందంటే కంగారుపడకండి. ఎవరు గెలిచారని అడగకండి. మాట్లాడకుండా కూర్చున్నదెవరో అడగండి.