గేటు పాస్‌కు ముందు పాత గంజాయి కేసు, పాత అప్పు

విశాఖలో పని దొరకడం ఒక ఎత్తు, ఆ పనికి గేటు దాటడం మరో ఎత్తు. నేవల్ డాక్‌యార్డ్‌ అయినా, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లిన హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయినా ఉద్యోగమంటే పోలీస్ వెరిఫికేషన్ తప్పదు. కాలేజీ రోజుల్లో గంజాయితో పట్టుబడిన కుర్రాడు ఆ భయంతోనే ఫారంలో ‘లేదు’ అని రాసేస్తాడు. దెబ్బ తినేది అక్కడే.

కేంద్ర ఉద్యోగాల అటెస్టేషన్ ఫారం అడిగేది: ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, జరిమానా గానీ శిక్ష గానీ పడిందా? దాచితే అనర్హతేనని అందులోనే ఉంటుంది. 2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో ముగ్గురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు దీనికి హద్దులు గీశారు. చిన్న వయసులో చేసిన చిల్లర తప్పును దాచినా యాజమాన్యం క్షమించవచ్చు. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బలవంతం లేదు. ఫారంలో స్పష్టంగా అడగనిది చెప్పలేదని తప్పుపట్టకూడదు. అంటే నిజం చెప్పడం ఉద్యోగానికి హామీ కాదు. కానీ అబద్ధం ఆడితే పాత తప్పుకు కొత్త తప్పు తోడవుతుంది.

గంజాయిలో తూకమే అన్నీ తేలుస్తుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం వాడకానికి 6 నెలల వరకు జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 1 కిలో దాకా దొరికితే ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టిన ప్రాంతం మనది. డబ్బు ఆశ చూపి సంచి మోయించే వాళ్లకు కొదవ లేదు. వ్యసనపరుడికి మాత్రం 64ఎ సెక్షన్ ఒక దారి చూపింది: వాడకం లేదా చిన్న మోతాదు కేసైతే, తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. ఈ సంగతి ఇంకా చాలామంది తల్లిదండ్రులకు చేరాలి.

ఇక అప్పు. అప్పు నేరం కాదు, కానీ డబ్బు ఇబ్బందిలో ఉన్నవాడిని కొనడం సులువు. 2019 డిసెంబరులో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరిట ఏడుగురు నేవీ సిబ్బందినీ ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేశారు. వలపు వలలో పడి గూఢచారులకు నౌకల సమాచారం అందించారని ఆరోపణ. డబ్బు లావాదేవీలపైనా దర్యాప్తు సాగింది. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తన నియమావళిలో 17వ నియమం అలవాటుగా అప్పుల్లో మునగకూడదంటుంది. అమెరికాలో భద్రతా క్లియరెన్స్‌కు 13 ప్రమాణాలున్నాయి, వాటిలో డబ్బు ఒకటి, మత్తు ఒకటి. అక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకూ ఇవే వర్తిస్తాయి. ఉద్యోగం పోయో, జబ్బు చేసో అప్పైతే, నిజాయతీగా తీరుస్తుంటే దాన్ని అనుకూలంగా లెక్కిస్తారు. ఆ పద్ధతి నాకు సబబుగా తోస్తుంది.

మన దగ్గర అప్పుల చరిత్రను చూపే సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. కొంత మాఫీ చేయించుకుంటే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని, పూర్తిగా కడితే ‘క్లోజ్డ్’ అని పడుతుంది. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు రూ.100 పరిహారం రావాలి.

కోర్టు తీర్పు కాపీ, చికిత్స పత్రాలు, నో డ్యూస్ సర్టిఫికెట్ ఒకే ఫైల్లో పెట్టుకుని, ఆ తర్వాతే ఫారం నింపండి. ఇంట్లో ఎవరైనా ఇప్పటికీ గంజాయి వాడుతుంటే వెరిఫికేషన్ సంగతి తర్వాత, ముందు మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. అది ఉచితం.