దుబాయ్ పోతున్నారా? మా చిన్నమ్మ మాట వినండి!

మా ఉమ్మడి కడప జిల్లాలో గల్ఫ్ అంటే టూర్ కాదు, పని. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు గల్ఫ్ పోయినవాళ్లు లేని వీధి తక్కువ. మా చిన్నమ్మ కూడా కువైట్‌లో ఒకరింట్లో పన్నెండేళ్లు వంట చేసింది. ‘చిన్నమ్మా, అక్కడ ఏమేం చూసినావ్?’ అని ఒకసారి అడిగా. ‘ఏముండాది నాయనా చూసేకి? ఎయిర్‌పోర్టు చూసినా, వంటిల్లు చూసినా’ అంది.

ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. నేను ఇంజినీరింగ్ చదివి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఏడాదిన్నర దాచుకుని, కిందటి డిసెంబర్‌లో అమ్మనీ చిన్నమ్మనీ ఐదు రోజులు దుబాయ్ తీసుకెళ్లా. పోయేముందు ఇరవై వీడియోలు చూసి పెద్ద ఎక్సెల్ షీట్ తయారు చేశా. తీరా చూస్తే అసలు విషయాలు సగం అందులో లేనేలేవు. మొదటిసారి పోయేవాళ్లకు అవే చెబుతున్నా.

పేరుతోనే మొదలు

మనవాళ్లకు వీసా ముందే కావాలి. విమాన సంస్థలు, ట్రావెల్ ఏజెంట్ల ద్వారా 30 రోజులకో 60 రోజులకో తీసుకోవచ్చు. టికెట్లు కొనేముందు పాస్‌పోర్టు ఒకసారి తెరవండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఒక్క పేరే ఉంటే చిక్కే. 2022 నవంబర్ నుంచి యూఏఈ ఒంటి పేరు మీద విజిట్ వీసాల విషయంలో గట్టిగా ఉంది. అమ్మ పాస్‌పోర్టులో అదే సమస్య. ముందు అది సరిచేయించి, తర్వాతే టికెట్లు కొన్నాం. మన సీమలో అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇలాంటివి చాలానే ఉంటాయి, చూసుకోండి.

సంచిలో గసాలు వద్దు

ప్రొద్దుటూరులో బయల్దేరే ముందు రాత్రి అమ్మ కారం పొడి, చింతకాయ తొక్కు, మటన్ మసాలా పొడి మూటలు కట్టింది. చిన్నమ్మ వచ్చి మసాలా పొడి వాసన చూసింది. ‘అక్కా, ఇందులో గసాలు ఏసినావా?’ అంది. వేయకపోతే మసాలా ఏంది అని అమ్మ. చిన్నమ్మ ఆ మూట తీసి పక్కన పెట్టేసింది.

ఇది జోక్ కాదు. మన వంటింట్లో మామూలుగా ఉండే గసగసాలు యూఏఈలో నిషేధం. నల్లమందు మొక్క గింజలు కాబట్టి మత్తు పదార్థాల కిందే లెక్క, జైలు దాకా పోవచ్చు. తెలియక తెచ్చామంటే వినరు. నా ఎక్సెల్ షీట్‌లో ఈ లైనే లేదు! మందులూ అంతే. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందుల మీద అక్కడ ఆంక్షలున్నాయి. బీపీ, షుగర్ మాత్రలైనా డాక్టర్ చీటీతో పాటే పెట్టుకోండి.

ఎండ మనకు కొత్తా?

కడప ఎండలు చూసినోళ్లం, మనకేం అనుకోవద్దు. మనది పొడి ఎండ. దుబాయ్ వేసవిలో 40 డిగ్రీలు దాటిన వేడికి సముద్రపు తేమ తోడవుతుంది. పెద్దవాళ్లతో పోతే నవంబర్ నుంచి మార్చి మధ్యలో పోండి. అప్పుడు గదుల రేట్లు ఎక్కువే. అందుకే మేం సముద్రం పక్క హోటళ్ల జోలికి పోకుండా పాత ఊరు దేరాలో, మెట్రో దగ్గర్లో దిగాం.

డబ్బు ఎక్కడ కారుతుంది?

హోటల్ బుక్ చేసినప్పుడు చూపించిన రేటే చివరిది కాదు. గదికి, రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా ‘టూరిజం దిర్హమ్’ విడిగా తీసుకుంటారు. కార్డు గీకేటప్పుడు మెషిన్ ‘రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా’ అని అడిగితే దిర్హమ్‌లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లిష్టమొచ్చిన మారకం రేటు పడుతుంది. మొదటి రోజు నేను నొక్కింది రూపాయలే, అందుకే చెబుతున్నా.

తిరగడానికి నోల్ కార్డు తీసుకుని మెట్రో ఎక్కండి. ఎయిర్‌పోర్టు టెర్మినల్ 1, 3 దగ్గర స్టేషన్లున్నాయి. కొన్ని చవక విమానాలు దిగే టెర్మినల్ 2కి మాత్రం మెట్రో లేదు, టాక్సీ ఖర్చు లెక్కేసుకోండి. మెట్రోలో తిన్నా, మామూలు కార్డుతో గోల్డ్ క్లాస్ ఎక్కినా, మగవాళ్లు ఆడవాళ్ల పెట్టెలోకి దూరినా 100 దిర్హమ్‌ల జరిమానా. తెలియనివాళ్ల ఫొటోలు అడగకుండా తీయడమూ నేరమే. రీల్స్ పిచ్చి ఉన్నవాళ్లు జాగ్రత్త.

ఒక్క దిర్హమ్ ఆనందం

828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఎక్కాలంటే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి. సూర్యాస్తమయం వేళ రేటు ఎక్కువ, ఉదయం తక్కువ. 124, 125 అంతస్తులు చాలు, 148కి పోతే ఖర్చు బాగా పెరుగుతుంది. కింద ఫౌంటెన్ ఆట చూడ్డానికి రూపాయి అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే, బుర్జ్ పైన చిన్నమ్మ ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు. కళ్లు తిరుగుతున్నాయంది. దేరా నుంచి బర్ దుబాయ్‌కి క్రీక్ దాటించే అబ్రా పడవ ఎక్కినప్పుడు మాత్రం దిగనంది. మనిషికి ఒక్క దిర్హమ్. అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాం. ‘పన్నెండేండ్లు సముద్రం పక్కనే ఉన్నా, నీళ్ల మీద ఇదే మొదలు’ అంది.

బంగారం మోజు

ప్రొద్దుటూరోళ్లం కదా, గోల్డ్ సూక్ చూడకుండా వస్తామా? చూడండి, కొనాలంటే మాత్రం లెక్క వేసుకోండి. 2024 జులై బడ్జెట్‌లో మన దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గాక రేట్ల తేడా బాగా తగ్గింది. నగలు సుంకం లేకుండా తెచ్చుకునే వెసులుబాటు ఏడాదికి పైగా బయట ఉండి వచ్చేవాళ్లకే, ఐదు రోజుల టూరిస్టులకు కాదు. ఇక్కడి నుంచి బరువైన నగలు వేసుకుపోతే, పోయేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అవి మీవేనని మీరే నిరూపించుకోవాలి. అమ్మ ధరలు అడిగి, ఫోన్‌లో మా ఊరి రేటు చూసి, ‘మన బజారే మేలు’ అని వచ్చేసింది.

అప్పు చేసి మాత్రం వద్దు

ముగ్గురికీ కలిపి లక్షా తొంభై వేలు దాటింది. మా ఇంట్లో వానలు సరిగ్గా పడని ఏడు బుడ్డశనగ మీద అంత డబ్బు చూడలేదు. ఈఎంఐ మీద పోయి ఉంటే అబ్రాలో కూడా నాకు వాయిదా తేదీలే గుర్తొచ్చేవి. దాచుకునే పోండి, ఏడాది ఆలస్యమైనా దుబాయ్ ఎక్కడికీ పోదు.

ఇదంతా రాస్తున్నానని చెబితే చిన్నమ్మ ఒక మాట తప్పకుండా రాయమంది. ‘విజిట్ వీసా మీద పోండి, అక్కడ పనిలో పెడతాం’ అనే ఏజెంట్లను నమ్మొద్దు. ఆ వీసా మీద పని చేయడం నేరం, పట్టుబడితే నష్టం పోయినవాళ్లకే. పనికి పోవాలంటే ప్రభుత్వంలో నమోదైన ఏజెంటేనా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూసుకున్నాకే డబ్బు కట్టండి. మీకు ఆ అవసరం లేకపోవచ్చు. మీ వీధిలో ఎవరికో ఉంటుంది, ఫోన్ మీ చేతిలో ఉంది కాబట్టి మీరే చూసి చెప్పండి.