బ్యాటరీని పొదుపు చేసే కన్ను

హబ్సిగూడ చౌరస్తాలో చూపులేని ప్రయాణికుడొకరు ఫోను ఎత్తి పట్టుకున్నారనుకోండి. వచ్చేది బస్సో, ఆటోనో కెమెరాతో చూసి ఫోను చెబుతుంది. ఇంతలో బ్యాటరీ అయిపోతే? ఆ కన్ను మూతబడినట్లే!

బొమ్మను గుర్తించడానికి ఫోను ఎన్నో గుణకారాలు, కూడికలు చేయాలి. గూగుల్ వారు 2017లో ఫోన్ల కోసం వెలువరించిన 'మొబైల్‌నెట్' అనే పద్ధతిలో ఇందుకు వాడే సంఖ్యలు సుమారు 42 లక్షలు! చిత్రమేమంటే, లెక్క చేయడంకన్న ఆ సంఖ్యలను ప్రధాన మెమరీ నుంచి తెచ్చుకోవడానికే విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది.

మరి ఉపాయం? ఒక్కో సంఖ్యను 32 బిట్లకు బదులు 8 బిట్లలో రాస్తారు. మోయవలసిన బరువు నాలుగో వంతుకు తగ్గుతుంది. వృత్తం లెక్కల్లో మీరు 'పై' విలువను 3.14గా తీసుకోరూ? ఇదీ అలాంటిదే. కచ్చితత్వం కాస్త తగ్గినా, బస్సు సాధారణంగా బస్సుగానే కనిపిస్తుంది. బ్యాటరీ మాత్రం ఇంటిదాకా తోడు వస్తుంది!