ఒంటితలనొప్పికి ఇంటివైద్యము

కలుపు తీయు వేళ కూలివారిలో ఒకరు గట్టుమీదికి వచ్చి, కొంగు నుదుటికి బిగించి కట్టుకొని, కన్నులు మూసుకొని కూర్చుండుట మీరు అనేక పర్యాయములు చూచియుందురు. ఎండ తగిలినదని కొందరందురు. పైత్యమని కొందరందురు. పని ఎగగొట్టుటకు సాకు అని గొణుగువారును లేకపోలేదు. ఆమెకు నొప్పి ఒకటి, ఆ పూట కూలి పోవుట ఒకటి, పైగా ఈ మాట ఒకటి.

అది చాలవరకు ఒంటితలనొప్పి. పార్శ్వపునొప్పి, కణతనొప్పి అనియు మన ప్రాంతమున అందురు. ఇంగ్లీషు వైద్యులు మైగ్రేన్ అందురు. సుశ్రుతసంహితలో శిరోరోగములను పదునొకటిగా లెక్కించి, సగము తలను పట్టు నొప్పికి అర్ధావభేదకమనియు, ప్రొద్దుతో పాటు పెరిగి ప్రొద్దుగ్రుంకునప్పటికి తగ్గు నొప్పికి సూర్యావర్తమనియు పేర్లు పెట్టిరి. కనుక ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు, పట్నవాసుల జబ్బు అంతకంటె కాదు. ప్రపంచములో సుమారు ఏడుగురిలో ఒకరికి ఇది ఉన్నదని నేటి అంచనా. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువ.

దీనిని గుర్తించుట కష్టము కాదు. తలలో ఒక ప్రక్క సమ్మెటతో కొట్టినట్లు నాడితో పాటు అదరును. నడిచిన, వంగిన, మూట ఎత్తిన ఎక్కువగును. కడుపులో త్రిప్పును, వాంతి యగును. వెలుతురు, చప్పుడు, పోపు వాసన కూడ సహింపజాలరు. మందు పడనిచో నాలుగు గంటలు మొదలు మూడు దినముల వరకు ఉండవచ్చును. కొందరికి నొప్పికి ముందు కన్నులయెదుట మెరుపు గీతలు, వంకర టింకర కాంతులు అయిదు నిమిషముల నుండి గంట వరకు కనబడును. ముఖమునకు, తలకు సంబంధించిన త్రిశాఖ నాడి రెచ్చి, మెదడు పొరలలోని రక్తనాళములు వాచి నొప్పి పుట్టుననియు, ఇట్లు రెచ్చు గుణము చాలవరకు వంశమున వచ్చుననియు వైద్యులు చెప్పుదురు. తల్లికి ఉన్న కుమార్తెకు వచ్చుట అందుకే. దీనిలో సోమరితనము ఏమియు లేదు.

రాకుండ చూచుకొనుట

జలదంకి, కలిగిరి, కొండాపురము, వింజమూరు మొదలు ఉదయగిరి కొండల వరకు గల గ్రామములలో స్త్రీలు తెల్లవారకముందే లేచి, పాలు పితికి, వంట చేసి, అందరికి పెట్టి, తాము మాత్రము కాఫీ నీళ్ళు గొంతులో పోసుకొని పనికి పోవుదురు. సద్ది విప్పునప్పటికి ప్రొద్దు నడినెత్తికి వచ్చును. ఎడగారు పైరు నాట్లు, కలుపు ముదురు ఎండలలో పడును; ఎండ 40 డిగ్రీలు దాటుచుండును; మడిలోని నీటిమీద పడిన వెలుతురు కన్నులలో పొడుచును. ఖాళీ కడుపు, ఎండిన ఒడలు, చాలని నిద్ర, కండ్లలో పడు తళతళ, ఈ నాలుగును ఒంటితలనొప్పిని పిలుచునవే. ఒక్కచోట నాలుగును కలిసిన పిమ్మట నొప్పి రాకున్న ఆశ్చర్యము గాని వచ్చిన ఆశ్చర్యమేమి?

అందుచేత ఏ ఆకు పసరు కంటెను ముందు చెప్పదగిన మందు, ఇంటినుండి బయలుదేరక ముందు ఒక ముద్ద సంగటియో, ఒక చెంబు అంబలియో కడుపున వేసికొనుట. దీనికి ఖర్చు లేదు. ఇంటి పెద్దలు 'తిని పొమ్ము' అని ఒక మాట అనిన చాలును. పొలమునకు నీటి కుండతో పాటు ఉప్పు కలిపిన మజ్జిగగాని, నిమ్మనీరుగాని తీసికొనిపొండు. నిమ్మతోటలకు మన జిల్లాలో లోటు లేదు గదా. అయితే పుల్లని పండ్లు తిన్ననాడే నొప్పి వచ్చుచున్నదని గమనించినవారు నిమ్మ మాని మజ్జిగ త్రాగవలెను. అంచు వెడల్పయిన తాటాకు టోపీ వెలుతురును బాగుగ ఆపును. కార్తీక సోమవారములు, శనివారములు ఒంటిపూట ఉండువారు, రంజాన్ మాసమున ఉపవాసముండువారు ఈ జబ్బు ఉన్నచో ముందుగనే వైద్యునితో మాటలాడుట మేలు.

వచ్చిన పిమ్మట

నొప్పి మొదలయిన అరగంటలో చేసినది పనిచేసినట్లు, నొప్పి ముదిరిన పిమ్మట చేసినది పనిచేయదు. దీనికి కారణమున్నది. ఈ నొప్పి పట్టినపుడు జీర్ణకోశము మందగించును. మ్రింగినది బిళ్ళయైనను, కషాయమైనను కడుపులోనే నిలిచి, కొంతసేపటికి వాంతిలో పోవును. కావున 'చూతము, తగ్గునేమో' అని మధ్యాహ్నము వరకు ఓర్చుకొనుట ఓర్పు కాదు.

మన ఇండ్లలోని మందులలో శొంఠికి మొదటి పీట వేయవచ్చును. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేయుట అందరెరిగినదే. అది చర్మమును చురచురలాడించి కొంత మరపించును, కన్నులకు తగలనీయరాదు. అంతకంటె శొంఠిని లోపలికి పుచ్చుకొనుట మేలు. ఇరాన్ దేశ వైద్యులు 100 మంది రోగులలో సగము మందికి 250 మిల్లీగ్రాముల శొంఠిపొడిని, తక్కినవారికి సుమాట్రిప్టాన్ అను ఖరీదైన బిళ్ళను ఇచ్చి చూచి, రెండు గంటలలో రెండును ఇంచుమించు సమానముగ పనిచేసినవని 2014లో ప్రకటించిరి. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. దినదినము మూడు నెలలు శొంఠి ఇచ్చి చూచిన మరొక పరీక్షలో, నొప్పి రాకుండ ఆపుటయందు అది ఉత్తుత్తి బిళ్ళకంటె మెరుగు కాదని తేలినది. కాబట్టి నిత్యము తినుట వలన ఫలము లేదు. నొప్పి అంటుకొనగనే రెండు చిటికెల పొడి గోరువెచ్చని నీటిలో పుచ్చుకొనుడు. వాంతికి కూడ అది విరుగుడు. కడుపులో పుండు ఉన్నవారు, రక్తము పలుచబరచు మందులు వాడువారు, గర్భిణులు వైద్యుని అడిగి గాని తీసికొనరాదు.

చీకటి గదిలో పరుండి, తడిబట్టను నుదుటిమీదను మెడవెనుకను వేసికొని ఒక గంట నిద్రపోగలిగిన సగము వైద్యము జరిగినట్లే. పిల్లలను బయటికి పంపి, టీవీ ఆపుట తక్కినవారి వంతు. ఒక కప్పు కాఫీ కొందరికి గుణమిచ్చును. నొప్పి బిళ్ళల కొన్నిటిలో కెఫీన్ కలుపుట అందుకే. కాని దినమునకు నాలుగయిదు కప్పులు అలవాటయినవారికి ఒక పూట తప్పిన, ఆ తప్పుటయే తలనొప్పి తెచ్చును.

నుదుటికి రాయు మందు అనగనే తెలుగువారికి అమృతాంజనము జ్ఞాపకము వచ్చును. కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో దానిని 1893లో ప్రారంభించిరి. దాని రాబడితోనే తరువాత 1908లో ఆంధ్రపత్రికను నడిపిరి. ఒక జాతి తలనొప్పి ఒక పత్రికను పోషించినదని నవ్వుకొనవచ్చును! ఇట్టి లేపనములలోని పుదీనా పువ్వు చర్మమును చల్లబరచి నొప్పిని కొంత మరపించును. ఘాటు వాసన గిట్టనివారికి మాత్రము అదియే నొప్పిని పెంచును.

ఇక చేయగూడని వైద్యములు. కణతకు జిల్లేడు పాలు పూయుదురు. అవి కంటిలో పడిన చూపునకే ముప్పు. తుమ్మి మొదలగు ఆకుల పసరును ముక్కులో పిండుదురు. లోపలి పొర పుండుపడును. కణతలమీద వాతలు పెట్టుట మచ్చను మిగుల్చును గాని నొప్పిని తీయదు. మొక్కలనుండి వచ్చినదెల్ల నిరపాయమనుకొనరాదు. బటర్‌బర్ అను మొక్క వేరును అమెరికా నాడీవైద్యుల సంఘము 2012లో ఈ జబ్బుకు సిఫారసు చేసి, కాలేయము చెడుచున్నదని తెలిసి 2015లో ఆ సిఫారసును ఉపసంహరించినది.

ఒంటితలనొప్పి కానివి

ఇది మన మెట్ట రైతులు ప్రత్యేకముగ చదువవలసినది. కలిగిరి వేలంకేంద్రమునకు పొగాకు పంపు గ్రామములలో ఆకుకోత రోజులలో తలనొప్పి, తల తిరుగుట, వాంతులు పలువురికి ఒకేమారు వచ్చినయెడల, అది పచ్చి ఆకులోని నికోటిన్ చర్మము గుండ ఒంటికెక్కుట కావచ్చును. మంచుతో తడిసిన ఆకును వట్టిచేతులతో కోసి, చంకను ఇరికించుకొని మోయువారికి ఇది ఎక్కువ. పచ్చి పొగాకు జబ్బు అను పేర దీనిని 1970లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున గుర్తించిరి. దీనికి శొంఠి మందు కాదు. తడిసిన బట్టలు విడిచి, సబ్బుతో స్నానము చేసి, నీడను పరుండవలెను. మరునాడు మంచు ఆరిన పిమ్మట, చేతులకు తొడుగులు, ఒంటికి నిండు చొక్కా వేసికొని కోతకు దిగవలెను.

పురుగుమందు చల్లిన నాడు వచ్చు తలనొప్పి ఇంకను ప్రమాదకరము. దానితో పాటు చొంగ కారుట, చెమటలు, చూపు మసకలగుట, కంటిపాప సూదిమొనంత చిన్నదగుట, ఊపిరి బిగియుట కనబడిన క్షణము ఆలస్యము చేయక 108కి ఫోను చేయుడు. మందు డబ్బాను కూడ ఆసుపత్రికి తీసికొనిపొండు.

పిడుగు పడినట్లు ఒక్కసారిగ వచ్చిన తలనొప్పి, జ్వరముతో మెడ బిగిసిన తలనొప్పి, మూతి వంకరపోయి మాట తడబడుట, కాలు చేయి పడిపోవుట, తలకు దెబ్బ తగిలిన తరువాతి నొప్పి, ఏబది ఏండ్లు దాటిన పిమ్మట క్రొత్తగ మొదలైన నొప్పి, గర్భిణికిగాని బాలింతకుగాని చూపు మసకలతో వచ్చిన నొప్పి, ఎండలో ఒడలు కాలిపోవుచు తెలివి తప్పుట, వీనిలో ఏది కనిపించినను ఇంటివైద్యము మాట తలపెట్టక ఆసుపత్రికి పోవలెను. నొప్పికి ముందు మెరుపులు కనబడు స్త్రీలు గర్భనిరోధక బిళ్ళలు వాడుటకు పూర్వము ఆ సంగతి డాక్టరుతో తప్పక చెప్పవలెను. కొన్ని బిళ్ళలు వారికి పక్షవాత భయమును పెంచును.

నొప్పి బిళ్ళలు వాడరాదని మేము చెప్పము. అంగడిలో చిల్లరగా కొని, దినమునకొకటి చొప్పున మ్రింగుటయే చెరుపు. మామూలు బిళ్ళలు నెలకు 15 దినములు, రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలు 10 దినములు చొప్పున కొన్ని నెలలు వాడినచో, ఆ బిళ్ళలే తలనొప్పి పుట్టించును. ఎండలో నీరు తక్కువై ఉన్న ఒంటికి డైక్లోఫెనాక్ వంటి మందు పడిన మూత్రపిండములకు కీడు. వారమునకు రెండు దినములు మించి బిళ్ళ కావలసివచ్చినపుడు, ఊరిలో సూది వేయువానివద్దకు కాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పొండు. నొప్పి రాకుండ నిత్యము వాడదగిన మందులు వేరుగ కలవు. పోవునపుడు గోడ క్యాలెండరు మీద నొప్పి వచ్చిన తేదీలకు గుర్తులు పెట్టి చూపిన డాక్టరుకు సగము శ్రమ తగ్గును. ఆ తేదీలు నెలసరితో కలియుచున్నవో, ఉపవాసముతో కలియుచున్నవో మీకే తెలియును.

వావిలి సంగతి మరచితిమి. ఎండిన వావిలాకును దిండులో కూరి పరుండుట మన పెద్దల అలవాటు. అది నొప్పిని తగ్గించునని గట్టి ఋజువు లేదు, దానివలన హానియు లేదు. ఆ వాసన హాయిగ తోచినవారు వాడుకొనవచ్చును. వావిలి కొమ్మ నాటిన బ్రదుకును. పశువులు అంతగ ముట్టవు, కనుక కంచెకు బాగుగ పనికివచ్చును. వానలు పడగనే బొటనవ్రేలి లావు కొమ్మలను మూరెడు పొడవున నరికి, బావి గట్టునను దొడ్డి చుట్టును నాటుకొనుడు.