రాక్ సంగీతసభలో ఛాయాగ్రహణము

మన పల్లెలనుండి చదువునకో, ఉద్యోగమునకో బెంగుళూరు వంటి నగరములు చేరిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తమ ఫోనులలోని బొమ్మలను పెద్దలకు చూపుచుందురు. వానిలో కొన్ని రాక్ సంగీతసభలలో తీసినవి. చుట్టును కాటుకవంటి చీకటి. నడుమ ఎర్రనిదో నీలిదో వెలుగు. ఆ వెలుగులో గిటారు పట్టిన మనుష్యుడొకడు. అతని ముఖము మాత్రము సున్నము కొట్టిన గోడవలె తెల్లబారి, కన్ను ముక్కు తెలియకుండ ఉండును. తమ అభిమాన గాయకుడని పిల్లలు మురియుదురు. ముఖమే కానరాని బొమ్మను ఏమని మెచ్చవలెనో పెద్దలకు తోచదు. అట్టి బొమ్మలు ఏల చెడుచున్నవో, చెడకుండ తీయువారు ఎట్లు తీయుచున్నారో చెప్పుటయే ఈ ప్రసంగమున నా ఉద్దేశము.

రాక్ అను సంగీతము 1950 దశాబ్దమున అమెరికాలో తలయెత్తినది. సాధారణముగా నలుగురైదుగురు కూడి ఒక బృందముగా ఏర్పడుదురు. విద్యుత్తుచే ధ్వని హెచ్చించిన గిటారులు, పెద్ద డ్రమ్ములు వారి వాద్యములు. మన గానసభలో విద్వాంసుడు ఆసనము వేసికొని కూర్చుండును. ఈ గాయకులు నిలిచి, పరుగిడి, ఎగిరి, ఒక్కొక్కప్పుడు వేదికపై పొర్లియు పాడుదురు. దీని గుణదోషములతో మనకిప్పుడు పని లేదు. కాని ఛాయాగ్రాహకుని కష్టమంతయు ఇందే ఉన్నది. వెలుగు చాలదు, మనిషి కదలక మానడు.

కెమేరాకు వెలుగు ఎట్లందునో కాలువ తూమును తలచుకొన్నచో సులభముగా బోధపడును. పొలమునకు పారు నీరు రెండింటిని బట్టి యుండును: తూము ఎంత ఎత్తితిమి, ఎంతసేపు ఎత్తియుంచితిమి. కెమేరా కటకములోని రంధ్రము తూము. దానిని తెరచియుంచు కాలము రెండవది. పగటి వెలుగులో సెకనులో 500వ వంతు కాలము తెరచినను చాలును. రాత్రి వేదికపై అంత వెలుగుండదు. పోనిమ్మని సెకనులో 30వ వంతు తెరచియుంచితిమా, అంతలో గిటారుపై నడయాడు చేయి అలుకు గుడ్డతో తుడిచినట్లు చెదరిపోవును. ఎగురుచున్న మనిషిని నిలిపి పట్టవలెనన్న 250వ వంతునకు తక్కువ కాదు, 500వ వంతైన మరియు మేలు. కాలము తగ్గించినప్పుడు తూము పెద్దదిగా ఎత్తవలెను. కనుకనే ఈ పనివారు 2.8 అనియో 1.8 అనియో గుర్తుగల కటకములను కోరుదురు. ఇచట లెక్క తలక్రిందుగా నుండును; అంకె చిన్నదైన కొలది రంధ్రము పెద్దది.

నేలలో కొన్ని కొద్ది నీటికే పదనెక్కునట్లు, ఫిలిములలోను కొన్నింటికి గ్రహణశక్తి హెచ్చు. ఫిలిము కాలమున కచేరీ చిత్రకారులలో పలువురు 400 వేగముగల కొడాక్ ట్రై-ఎక్స్ అను నలుపుతెలుపు ఫిలిమును 1600 వేగముగలదానిగా ఎంచి వాడి, ఆ కొరత తీరునట్లు రసాయనమున ఎక్కువసేపు కడిగెడివారు. అందుచే బొమ్మపై బొంబాయిరవ్వ చల్లినట్లు గరుకుదనము కనబడును. ఇప్పటి డిజిటల్ కెమేరాలు 3200, 6400 వరకు సునాయాసముగా పోవుచున్నవి. అయినను ఆ పాత గరుకుదనమునందొక పౌరుషము కలదని నాకు తోచును.

ఇక ముఖము తెల్లబారుటకు కారణము. కెమేరా తనంతట తాను వెలుగును కొలుచునప్పుడు తనకు కనబడు దృశ్యమంతటికిని సగటు కట్టును. దృశ్యములో ముప్పాతిక మువ్వీసము నల్లని చీకటియే గనుక, వెలుగు చాలలేదని భ్రమించి తూము ఇంకను ఎత్తును. పాపము, దీపము క్రిందనున్న ముఖము ఆ వరదలో కొట్టుకొనిపోవును. నేర్పరి సగటును నమ్మడు. ముఖముమీది వెలుగునే కొలిచి, తానే కొలతలు నిర్ణయించి, చీకటిని చీకటిగా వదలును. తన ఫ్లాషు దీపము వేసినచో తీరదా యందురేమో. దీపము నుండి దూరము రెట్టింపైనచో అందు వెలుగు నాలుగవ వంతగును, అయిదింతలైనచో ఇరువదియైదవ వంతగును. వెనుక వరుసలనుండి వేసిన ఫ్లాషు ముందువారి గుండ్లను మెరిపించునే గాని గాయకుని చేరదు. దగ్గరనుండి వేసినను, వేదికపై రంగుదీపములు కల్పించిన శోభయంతయు దానిచే చచ్చిపోవును.

ఇవి యన్నియు చేతిపని. పది కచేరీలకు అలవడును. అలవడనిది సమయజ్ఞానము. పాట తెలిసినవానికి గాయకుడు ఏ చరణమున మైకు విడిచి వెనుకకు వంగునో, ఏ దరువునకు డ్రమ్ములవాడు చేతులెత్తునో ముందే తెలియును. ఎగిరిన తరువాత మీట నొక్కిన దొరకునది దిగుటయే. అభిమానికి కూలికి వచ్చినవానికన్న గల మేలు ఇదియే. కీడును కలదు: పాటలో లీనమై తల యూపుచు, చేతిలోని కెమేరాను మరచుట!

1967 జూనులో కాలిఫోర్నియాలోని మాంటరేలో జరిగిన సంగీతోత్సవమున జిమీ హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పంటించెను. వేదిక యంచున కుర్చీపై నిలిచి దానిని చిత్రించినవాడు ఎడ్ కారాఫ్ అను 17 ఏండ్ల బాలుడు. అతడు హెండ్రిక్సును అంతకుముందు ఎరుగడు. ప్రక్కనున్న ఛాయాగ్రాహకుడొకడు అతనికొరకు కొంత ఫిలిము మిగుల్చుకొమ్మని చెప్పగా ఆ మాట విన్నాడు. అతనికి కీర్తి తెచ్చిన చిత్రము ఆ చుట్టలో మిగిలిన చివరి బొమ్మ.

పెనీ స్మిత్ కథ వేరు. ఆమె 1979లో ది క్లాష్ అను ఆంగ్లబృందముతో కూడి అమెరికాలో సంచరించినది. ఆ సెప్టెంబరులో న్యూయార్కు పలేడియము నాటకశాలలో, ప్రేక్షకులను కుర్చీలనుండి లేవనీయని కాపలావారిపై విసిగి, పాల్ సిమనన్ తన గిటారును గొడ్డలివలె ఎత్తి నేలకు కొట్టెను. అలవాటైన కన్ను గనుక అతని వాలకములోని మార్పును ఆమె పసిగట్టి కెమేరా ఎత్తినది. అతడు మీదికి వచ్చుచుండగా వెనుకకు జరుగుచునే మీట నొక్కినది. బొమ్మలో స్పష్టత లేదు. పనికిరాదని ఆమెయే వాదించినది. గాయకుడు జో స్ట్రమ్మర్ వినలేదు. అదే సంవత్సరము డిసెంబరులో వెలువడిన లండన్ కాలింగ్ అను రికార్డునకు అదియే ముఖచిత్రమైనది. 2002లో క్యూ అను సంగీతపత్రిక రాక్ చిత్రములన్నిటిలో దానికి అగ్రస్థానము నొసగెను. పైన నేను చెప్పిన కొలతలన్నియు తప్పిన బొమ్మ అది.

ఆ గిటారు విరిగినది కచేరీ చివరి ఘట్టమున. నేటి పద్ధతి ననుసరించి యుండినచో ఆ బొమ్మ పుట్టెడిదే కాదు. ఇప్పుడు పెద్ద సభలలో పత్రికలవారిని వేదికముందరి కంచెలోనికి మొదటి మూడు పాటలకే రానిత్తురు, ఫ్లాషు కూడదు. మూడవ పాట ముగియగనే బయటికి నడువవలెను. చెమట పట్టకముందే, ఒళ్లు మరవకముందే గాయకుని చిత్రము తీసి పంపివేయవలెనన్నమాట. ముడుతపడని దుస్తులతో, సరిగా దువ్విన తలతో నున్న బొమ్మ గాయకునకు గౌరవముగా నుండవచ్చును. సంగీతము మాత్రము అందుండదు.

అంతటితో ఆగక, తీసిన చిత్రములపై హక్కులు తమకే చెందునట్లు సంతకము చేయుమని కోరు బృందములును గలవు. 2015లో ఫూ ఫైటర్స్ అను బృందము అట్టి పత్రము నొకదానిని ముందుంచగా, వాషింగ్టన్ సిటీ పేపరు అను పత్రిక సంతకము చేయ నిరాకరించినది. కంచెలోనికి తన మనిషిని పంపుటకు మారుగా, డబ్బిచ్చి టిక్కెట్టు కొని వచ్చిన అభిమానులు తమ చోటులనుండి తీసిన బొమ్మలనే వెలయిచ్చి కొందునని అది ప్రకటించినది.